ఎడమవైపు మనూబియా

స్ఫాక్స్ ఊరి పాతబస్తీలో హేదీ చేతిని ఎరగనివాళ్లు లేరు, నోటిని ఎరగనివాళ్లూ లేరు. అతను రాసిన దుకాణం బోర్డు చూడ్డానికి రెండు కళ్లు చాలవు. అతను నోరు విప్పితే చెవులు మూసుకోవాలి. ఆ నోటి కింద మనూబియా ముప్ఫై ఏళ్లు కాపురం చేసింది.

మొన్న చలికాలం అతనికి పక్షవాతం కొట్టింది. కుడిచేతికి ఏమీ కాలేదు, నోటికి అసలే కాలేదు. ఎడమ పక్క లోకం మాత్రం మాయమైంది. వాళ్ల రాత కుడి నుంచి ఎడమకి నడుస్తుంది; కుడి నుంచి మొదలెట్టిన అక్షరాలు బోర్డు నడుమ దాటవు. అన్నీ అక్కడే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. కాఫీకొట్టువాడు తన బోర్డు తిరిగి తెచ్చి పడేశాడు.

"రంగు నువ్వే చెరిపి నామీదికొస్తావురా, దొంగ వెధవా," అన్నాడు హేదీ.

డాక్టర్ ఒల్ఫా అతని చేత మొహం బొమ్మ గీయించింది. ఒక కన్ను, ఒక చెవి, అర మూతి వచ్చాయి.

"కళ్లు బాగానే ఉన్నాయమ్మా," అంది మనూబియాతో. "మెదడులో కుడివైపు నరాల కణాలు చచ్చిపోయాయి. ఎడమ అనేది ఒకటుందనే ఈయనకి తట్టదు. మీరెప్పుడూ ఎడమవైపే కూర్చుని 'ఇటు చూడు, ఇటు' అని పిలుస్తూ ఉండండి. తల అటు తిప్పగా తిప్పగా మళ్లీ రాయగలడు. వదిలేస్తే ఇంతే."

"సగం మొహం నువ్వే చెరిపేశావు," అన్నాడు హేదీ డాక్టరుతో.

ఆ రోజు నుంచి మనూబియా ఎడమవైపే కూర్చుంది. పిలవలేదు.

ఇద్దరిదీ ఒకటే పళ్లెం, ఉడికించిన గోధుమరవ్వ కుస్‌కుస్ మీద చేప. ఇన్నాళ్లూ నడిముక్కలు అతనివి, తలా తోకా ఆమెవి. ఇప్పుడు ముక్కలన్నీ ఎడమకి సర్దింది. అతను కుడి సగం ఊడ్చి, "చేప ఎవడికి దోచిపెట్టావే?" అని కుడిపక్క గోడని తిట్టాడు. తిట్లన్నీ గోడకి తగులుతుంటే ఆమె ప్రాణానికి హాయిగా ఉంది. జాలి కలగలేదు.

ఒక శుక్రవారం అతను తిట్టలేదు. తింటున్నవాడల్లా ఆగి, తన చేతివంకే చూసుకున్నాడు.

"మనూబియా, చెయ్యి బాగానే ఉందే. అక్షరాలు ఎటు పోతున్నాయో తెలీట్లేదు. కాస్త చూసి చెప్పవే."

కాపురానికొచ్చాక అతను ఆమెని ఏదైనా సాయం అడగడం అదే మొదలు.

"ఇక్కడే ఉన్నా," అంది.

అతను తల కుడికి తిప్పి గోడంతా వెతికాడు. "ఎక్కడ?"

'ఇటు' అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మనూబియా నడిముక్క తీసి నోట్లో పెట్టుకుని, ముల్లు చూసుకుంటూ నమిలింది.