ఇంటిపేరు లేని రైతులు

1988. చిత్తూరు దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్ విభాగం చూసేవాణ్ణి. ఏ రైతు చెరుకు ఎప్పుడు నరకాలో చెప్పే కటింగ్ ఆర్డర్లు మా మిషనే ఇచ్చేది. ఆర్డరు లేని బండిని గేటు దగ్గరే ఆపేసేవారు. రైతుల వివరాలు ఒక పట్టికలో, పొలాల వివరాలు ఇంకో పట్టికలో ఉంచి, ఇంటిపేరు, పేరు, ఊరు సరిపోల్చి రెంటినీ కలిపే రిలేషనల్ డేటాబేస్ మాది. ఆ ఏడు చెరుకు ఆడించే క్రషింగ్ మొదలయ్యే ముందు దాన్ని కొత్త వెర్షన్‌కు మార్చాను.

సీజన్ సగంలో మస్తాన్ అనే రైతు వచ్చాడు.

"అప్పా, నా పక్క కయ్యలో చెరుకు ఫ్యాక్టరీ చేరింది. నాది ముదిరి పూత పట్టి నిలబడుండాది. ఆర్డరు యాడ?"

"రిజిస్టర్ చేయించుకోలేదేమో."

"చేయించినాను. పోయినేడు నన్ను గుర్తుపట్టిన మిషనే కదప్పా ఇది. ఈ యేడు దానికి నేనేం తప్పు జేసినాను?"

నవ్వేసి, పొలాలు తిరిగి చెరుకు నమోదు చేసే ఫీల్డ్‌మన్‌ను అడగమని పంపేశాను. మిషన్ మీద నాకంత నమ్మకం.

వారం తర్వాత ఖాదర్‌నూ హుసేన్‌నూ వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళకూ ఆర్డర్లు రాలేదు. అప్పుడు కూర్చోబెట్టి చూశాను. పట్టికలో ముగ్గురూ ఉన్నారు. ముగ్గురికీ ఇంటిపేరు గడి ఖాళీ.

"నీ ఇంటిపేరేమి మస్తాన్?"

"మాకు ఇంటిపేర్లు యాడుంటాయప్పా? మీకంటే చాంతాడంత ఉంటాయి గానీ."

పాత వెర్షన్ రెండు ఖాళీ గడులను సమానమనుకునేది. కొత్తదానికి ఖాళీ అంటే నల్, అంటే 'తెలియదు'. తెలియనిది ఇంకో తెలియనిదానితో సరిపోలదు. అలా పట్టికలు కలిసేచోట ఇంటిపేరు లేనివాళ్ళంతా చప్పుడు లేకుండా జారిపోయారు.

"పాతదే పెట్టెయ్యబ్బా" అన్నాడు మేనేజరు.

"కొత్తదాంట్లో ఎక్కించింది పాతది చదవదు సార్. సరిచేసేదాకా నేను ఇంటికి పోను."

ఆ పూటే వాళ్ళందరికీ చేత్తో ఆర్డర్లు రాయించాను. తర్వాత ఒక్కొక్క ప్రోగ్రామూ తెరిచి, పేర్లతో కాకుండా రైతు నంబరుతో పట్టికలు కలిసేలా మార్చాను.

మస్తాన్ చెరుకు చేరేసరికి ఎండిపోయింది. తూకం చూసి, "పిప్పి తెచ్చినట్టుండాదప్పా" అన్నాడు.

ఆ వెర్షనే చెడ్డదని ఫ్యాక్టరీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాదు. ఈ మార్పు సంగతి దానితో వచ్చిన పుస్తకంలోనే ఉంది. అది నాకు పనికొచ్చేది కాదనుకుని దాటేశాను. పరీక్షకు నేను తీసుకున్న పేర్లు నాది, మేనేజరుది, మా వీధివాళ్ళవి. అందరికీ ఇంటిపేర్లున్నాయి. అన్నీ సరిగ్గానే వచ్చాయి.

ఆ తర్వాత ఎన్ని అప్‌గ్రేడ్లు చేసినా నేను మొదట వెతికిన పేరు మస్తాన్. అతను కనబడ్డాకే మిగతావాళ్ళ ఆర్డర్లు బయటికి వదిలేవాణ్ణి.