ఊరికేనండి

పోయిన వారం పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి వెళ్ళిపోయాడే" అంది. పిన్ని నోట ఆ మాట వినడం నాకు ఇది రెండోసారి. మొదటిసారి విన్నప్పుడు నేను పదో తరగతి చదువుతున్నాను. అప్పుడది నిజం కాలేదు. ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే ఆయన సైకిలు నడిపించుకుంటూ గేట్లోంచి లోపలికొచ్చాడు. ఈసారి కూడా ఫోన్ పెట్టేసి, అలాగే వస్తాడేమోనన్నట్టు కాసేపు కూర్చున్నాను. మనసుకి ఎన్నేళ్ళొచ్చినా బుద్ధి రాదు.

మా బాబాయిని ఎరిగినవాళ్ళు తిరువూరులో ఇప్పుడు తక్కువే. ఎరిగినవాళ్ళు కూడా ఫలానావారి ఇల్లరికపుటల్లుడు అంటేనే గుర్తుపడతారు. ఆయన చెప్పుకోదగ్గ పనులేమీ చెయ్యలేదు. చలికాలం పొద్దుటిపూట సైకిలు తొక్కేవాడు. ఎందుకంటే ఊరికే. దానికోసం ఒక మనిషి గురించి రాస్తారా అని మీరనుకోవచ్చు. నేను ఇవాళ నా కాళ్ళ మీద నిలబడ్డానంటే ఆ ఊరికే తొక్కిన సైకిలు వల్లనే. అందుకని రాస్తున్నాను.

మాది గంపలగూడెం అవతల చిన్న పల్లె. అక్కడ హైస్కూలు లేదు. అందుకని నన్ను తిరువూరులో తాతయ్యగారింట, అంటే అమ్మ పుట్టింట్లో ఉంచి చదివించారు. డెబ్బైల మొదట్లో సంగతి. తాతయ్యకి ఇద్దరూ ఆడపిల్లలే. మా అమ్మని బయటికిచ్చి, పిన్నికి మాత్రం ఇల్లరికం తెచ్చుకున్నాడు. బాబాయిది నూజివీడు దగ్గర ఊరు, అన్నదమ్ముల్లో ఆఖరివాడు. వచ్చేటప్పుడు ఒక బట్టల పెట్టె, ఒక సైకిలు తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో ఆయనవంటూ ఉన్నవి అవే. అన్నం తినేటప్పుడు ఇంకొంచెం పెరుగు వెయ్యమని ఆయన అడగగా నేనెప్పుడూ వినలేదు. పిన్ని చూసి వేస్తే వేసుకునేవాడు, చూడకపోతే మజ్జిగతో సరిపెట్టుకుని లేచేవాడు.

తాతయ్య చెడ్డమనిషి కాదు. కాకపోతే ఆయన పడక్కుర్చీ వసారాలో గేటుకెదురుగా ఉండేది. ఆయన కంటపడకుండా పిల్లి కూడా బయటికి పోయేది కాదు. మావైపు బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడగరు, అడిగితే వెళ్ళిన పని కాదంటారు. "దూరమా?" అంటారు. తాతయ్య ఆ మర్యాదంతా వీధిలో వాళ్ళకే దాచిపెట్టాడు. ఇంట్లోవాళ్ళని ఎక్కడికి, ఎందుకు, ఎంతసేపట్లో వస్తావని నిలబెట్టి అడిగేవాడు. ఊరికే అన్న మాట మా ఇంట్లో బూతుతో సమానం. అందుకని బాబాయి రోజుకో పని కల్పించుకునేవాడు. ఒకరోజు బ్రేకు పట్టట్లేదనేవాడు, ఒకరోజు పచ్చిగడ్డి చూసొస్తాననేవాడు, ఏమీ తోచనిరోజు చక్రాలకి గాలి కొట్టించాలనేవాడు. అన్నిసార్లు గాలి కొట్టించుకున్న సైకిలు తిరువూరు చరిత్రలో ఇంకోటి ఉండదు.

నేను పెద్దమనిషినయ్యాక నా సంగతీ అంతే అయింది. బడికి తప్ప గడప దాటనిచ్చేవారు కాదు. బడికైనా పాలేరు భార్య తోడు రావాలి. పదో తరగతి అవగానే పెళ్ళి అనుకున్నారు. బెజవాడ కాలేజీలో చేరాలని నాకుండేది. హాస్టల్లో ఉండి చదువుకుంటానని ఒకసారి అంటే తాతయ్య నవ్వాడు. కోప్పడినా బాగుండేది. మా నాన్నకి నన్ను చదివించాలనే ఉన్నా, మామగారి ముందు ఆయన నోరు పెగిలేది కాదు. నాకు ఇంట్లో అన్నీ ఉన్నాయి, ఊపిరి తప్ప. రాత్రిళ్ళు గేటు గడియ వేసిన చప్పుడు వింటే చెవులు మూసుకునేదాన్ని.

పరీక్షల సంవత్సరం కదాని తెల్లవారుజామున దొడ్లో ధాన్యం గదిలో దీపం పెట్టుకుని చదువుకోనిచ్చారు. ఒకరోజు మంచు బాగా పట్టింది. నేను పుస్తకం మూసి గది గుమ్మంలో నిలబడి తెల్లటి దొడ్డిని చూస్తున్నాను. బాబాయి మఫ్లరు చెవులకి చుట్టుకుని సైకిలు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి గుడ్డ పక్కన పెట్టాడు.

"నీక్కూడా ఊపిరాడట్లేదా అమ్మలూ?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన మరేం అడగలేదు. దొడ్డి తలుపు గడియ చప్పుడు కాకుండా తీసి, సైకిలు బయట పెట్టి, రమ్మన్నట్టు తల ఊపాడు.

అలా మొదలైంది. మంచు పట్టిన రోజునే మా సవారీ. మంచు పడితే మామిడి పూత మాడిపోతుందని తాతయ్యకి బెంగ. అలాంటి రోజున పెందలాడే లేచి, కర్ర పట్టుకుని, మంచుని తిట్టుకుంటూ ఊరికి అవతలివైపున్న తోటకి పోయేవాడు. వసారాలో కుర్చీ ఖాళీ అయ్యేది. పైగా ఆ మంచులో పదడుగుల అవతల మనిషి ఆడో మగో కూడా ఎవరికీ తెలిసేది కాదు. రాత్రి పడుకునే ముందు తాతయ్య ఆకాశం చూసి "రేపు మంచు తప్పదు" అని దిగులుపడితే, నేనూ బాబాయీ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా జాగ్రత్తపడేవాళ్ళం. మంచు లేని రోజు పొద్దున్నే తెల్లగా ఎండ వస్తే నాకు జైలు తలుపు మళ్ళీ వేసినట్టుండేది.

మొదట్లో పరికిణీ ఎగ్గట్టి, బారు కిందినుంచి కాలు దూర్చి తొక్కాను. బాబాయి క్యారియరు పట్టుకుని వెనక పరిగెత్తేవాడు. "చక్రం కేసి చూడకు. చక్రం ఎక్కడికీ పోదు, నువ్వే పోయేది" అనేవాడు. చలికి హ్యాండిలు పట్టుకున్న వేళ్ళు కొంకర్లు పోయేవి, ముక్కు కారేది, కనుబొమల మీద నీటిబొట్లు నిలిచేవి. ఓణీ చెంగు చైన్లో పడి ఒకసారి ఇద్దరం గడ్డిలో కూలబడ్డాం. రోడ్డు పక్క చలిమంట దగ్గర పత్తి తియ్యడానికి పోయే కూలీ ఆడవాళ్ళు నిలబడి ఉండేవాళ్ళు. మమ్మల్ని చూసినా చూడనట్టే ఊరుకున్నారు. వాళ్ళ మంచితనం కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

బాబాయి రోడ్డెక్కాక వేరే మనిషైపోయేవాడు. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడనివాడు గాలి గురించి, చలి గురించి, సైకిలు గురించి ఎడతెరిపి లేకుండా చెప్పేవాడు. "ఎప్పుడూ ఎదురుగాలికే బయల్దేరాలి అమ్మలూ. అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు ఆ గాలే తోసుకొస్తుంది" అనేవాడు. "కదిలేవాడికి చలుండదు, కూర్చున్నవాడికే" అనేవాడు. మంచులో ఎవరో ఎదురై "దూరమా?" అంటే, దాచుకోకుండా "ఊరికేనండి" అనేవాడు. ఇంట్లో అనలేని ఆ మాట రోడ్డు మీద అనడానికే వచ్చేవాడేమోననిపించేది.

పుష్యమాసం వచ్చేసరికి నేను సీటెక్కి తొక్కుతున్నాను. ఒకరోజు విస్సన్నపేట రోడ్డెక్కాం. ఆ రోడ్డే నూజివీడు పోతుంది, అంటే బాబాయి సొంత ఊరి వైపు. నేను తొక్కుతున్నాను. ఆయన దర్జాగా వెనక క్యారియరు మీద కూర్చున్నాడు. మంచులోంచి ఒక కర్ర చప్పుడు, ఆ వెంటనే ఒక గొంతు వినపడ్డాయి.

"ఎవరండీ, దూరమా?"

తాతయ్య. తోటలో మందు కొట్టే మనిషి కోసం ఆ రోజు ఇటు వచ్చాడట.  నోరు ఊరుకోక బాబాయి అలవాటు కొద్దీ అనేశాడు.

"ఊరికేనండి."

నేను ప్రాణాలుగ్గబట్టుకుని తొక్కాను. ఊరి చివర కల్వర్టు దాటి చాలాదూరం పోయాక గాని ఆగలేదు. బాబాయి దిగి, రోడ్డు పక్క కూర్చుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. "విన్నావా అమ్మలూ? పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ తాతయ్య నన్ను అండీ అనడం ఇదే మొదటిసారి" అన్నాడు. నేనూ నవ్వాను. తర్వాత చూస్తే ఆయన నవ్వు ఆగిపోయింది, కళ్ళనీళ్ళు మాత్రం ఆగలేదు.

ఆలస్యంగా ఇల్లు చేరాం. బాబాయి సైకిలు నడిపించుకుంటూ ముందు గేటు వైపు తిరిగి వెళ్ళాడు, నేను దొడ్డి తలుపులోంచి ధాన్యం గదిలోకి దూరాను. పిన్ని ఏడుస్తూ అక్కడికే వచ్చింది. "మీ బాబాయి వెళ్ళిపోయాడే. వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు" అంది. నాకేమీ అర్థం కాలేదు.

అయిందేమిటంటే, రెండడుగులు వేశాక తాతయ్య ఆ గొంతు గుర్తుపట్టాడు. విస్సన్నపేట రోడ్డు మీద, తెల్లారకుండా, చెప్పకుండా వెళ్తున్న అల్లుడు 'ఊరికేనండి' అంటే ఆయన దాన్ని మా ఊరికేనండి అనుకున్నాడు. అల్లుడు ఇల్లరికం వదిలేసి పోతున్నాడని గుండెలు బాదుకుంటూ ఇంటికొచ్చాడు. పిల్లలు కూడా ఇంకా కలగలేదు. పిన్ని కూలబడిపోయింది.

అప్పుడే గేటు చప్పుడైంది. నేను గది తలుపు చాటునుంచి అంతా విన్నాను.

"వచ్చావా? ఊరికి అన్నావుగా?" అన్నాడు తాతయ్య.

"ఊరికేనండి మావయ్యగారూ."

"అదే, మీ ఊరికేగా?"

"కాదండి. ఊరికే అంటే, ఊరికేనండి."

ఇంకో రోజైతే నేను పడీపడీ నవ్వేదాన్ని. తాతయ్య గొంతు వణుకుతోంది. "ఈ చలిలో, ఈ మంచులో, పనేమీ లేకుండా ఎవడైనా వెళ్తాడంటయ్యా?"

"నేను వెళ్తానండి" అన్నాడు బాబాయి.

ఆయన అంత తిన్నగా తాతయ్యకి జవాబు చెప్పడం ఎవరూ ఎరగరు. తాతయ్య కుర్చీలో కూర్చుండిపోయాడు. "నువ్వు పోతే మాకెవరున్నారయ్యా" అన్నాడు. "నీకేం కావాలో అడుగు. వేరే కాపురం పెట్టుకుంటానంటే పెట్టుకో. పొలం రాయమంటే రాస్తాను. ఆ కల్వర్టు దాటి మాత్రం సైకిలు తొక్కనని మాటివ్వు. నువ్వటు పోయావని వింటే నా గుండె ఆగిపోద్ది."

తెచ్చుకున్న అల్లుడు పోతాడేమోనని ఆ ఇల్లంతా భయపడ్డ రోజు అదొక్కటే. ఆ రోజు ఆయన ఏమడిగినా ఇచ్చేవాళ్ళు. తలుపు సందులోంచి నాకు ఆయన చెప్పులు లేని కాళ్ళు, బురదంటిన పంచె అంచు కనిపిస్తున్నాయి. వేరే కాపురం అడుగు బాబాయ్ అని లోపల్లోపల అనుకున్నాను. పిన్నిని తీసుకుని పో, ఇక్కడ ఉండకు అనుకున్నాను.

"అమ్మలుని బెజవాడ కాలేజీలో చేర్పించండి" అన్నాడు బాబాయి.

"నేను నీ సంగతి అడుగుతున్నానయ్యా."

"నా సంగతే చెప్తున్నానండి."

తాతయ్య చివరికి సరేనన్నాడు. బాబాయి కూడా సరేనండి అని సైకిలు తీసుకెళ్ళి కొట్టంలో పెట్టాడు. ఇద్దరూ మాట తప్పే మనుషులు కారు. అదే వచ్చిన చిక్కు.

ఆ జూన్‌లో నేను బెజవాడ వెళ్ళాను. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, నాకిష్టమైన చోట ఇల్లు కట్టుకున్నాను. బాబాయి ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు, పొలం ఆయన చేతికొచ్చింది, కుర్చీ కూడా ఆయనదే అయింది. ఆ కుర్చీని గేటు వైపునుంచి తిప్పి గోడ వైపు వేయించాడని పిన్ని చెప్పి నవ్వేది. తాతయ్య పోయాక కూడా ఆయన సైకిలు మీద ఆ కల్వర్టు దాటలేదు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పిన్నితో బస్సులో వెళ్ళొచ్చేవాడు. "అడిగిన మనిషి లేడు గదా, ఇంకా ఆ మాటేంటి" అని నేను దెబ్బలాడితే, "నేనున్నాగదమ్మా" అన్నాడు. నేను బయటపడ్డాను, ఆయన లోపలుండిపోయాడు. ఈ మాట చెప్పకుండా ఆయన గురించి ఎంత పొగిడినా అబద్ధమే. ఆయనంటే నాకెంత ప్రేమో, ఆ మాట మీద నాకంత కోపం.

కాలేజీలో చేరిన ఏడాది క్రిస్మస్ సెలవులకి తిరువూరు వచ్చాను. మర్నాడు పొద్దున్నే మంచు ముసురుకుంది. బాబాయి నాకోసం అద్దె సైకిలు తెచ్చి గేటు దగ్గర పెట్టాడు. కాలేజీ పిల్లనన్న ధీమాతో నేను ముందు గేట్లోంచే బయల్దేరాను. తోటకి బయల్దేరబోతున్న తాతయ్య చూశాడు గాని, ఎక్కడికి అని అడగలేదు. విస్సన్నపేట రోడ్డు మీద ఇద్దరం పక్కపక్కన తొక్కుకుంటూ పోయాం. కాలేజీ కబుర్లు, హాస్టల్లో అన్నం ఉడకని సంగతి, కృష్ణ ఒడ్డున చలిగాలి, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాను. కల్వర్టు దగ్గర బాబాయి బ్రేకు వేసి, కాలు కింద పెట్టాడు. నేనూ ఆగాను.

"రా బాబాయ్. ఈ మంచులో ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు" అన్నాడు. కదల్లేదు. ముందుకి పోయే రోడ్డు కేసి కాసేపు చూసి, మఫ్లరు చెవుల మీంచి కిందికి లాక్కున్నాడు. "నువ్వు వెళ్ళు అమ్మలూ. బెల్లు కొట్టుకుంటూ వెళ్ళు. ఎంతదాకా పోయావో నేనిక్కణ్ణించి వింటాను."

నేను వెళ్ళాను. చలికి బొటనవేలు మొద్దుబారినా బెల్లు ఆపలేదు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాను, మంచు తప్ప ఏమీ కనపడలేదు. ఇక ఆయనకి వినపడదేమోననిపించిన చోట కూడా ఆగకుండా, ఇంకాస్త గట్టిగా కొడుతూ, ముందుకే తొక్కాను.