మామిడి కొత్త అయ్యేదాకా

పాడేరులో ఆ రెండో అంతస్తు వాటా దొరకడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. జిల్లా కేంద్రం అయ్యాక ఊళ్లో అద్దె ఇళ్లకు అంత గిరాకీ. టీచరు జీతంతో అద్దె ఒక్కదాన్నే మోయలేక, తోడు కోసం తెలిసినవాళ్లకు చెబితే కనక వచ్చింది.

కనకది హుకుంపేట దాటాక కొండమీద పల్లె. ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దున్న ఎనిమిదికల్లా డ్యూటీలో ఉండాలి. ఊరి నుంచి రావాలంటే ఆరు కిలోమీటర్లు నడిచి జీపు పట్టుకోవాలి. ఒంటరి ఆడపిల్లకు ఇల్లు ఇవ్వబోమని మూడు చోట్ల మొహం మీదే చెప్పారట. నేను కిటికీ పక్కన మూల చూపిస్తే, ఆ మూలనే మేడలా చూసుకుంది.

"ఇంక వానొచ్చినా డూటీకి బేగి ఎల్లిపోతానక్కా" అంది.

నెల తిరక్కుండా నాకంటే తనే ఇంటిమనిషి అయింది. మోటారు ఎప్పుడు వేయాలో, కిందివాళ్ల కుక్క ఎవర్ని చూస్తే మొరుగుతుందో అన్నీ తనకే తెలుసు. పొద్దున చోడి అంబలి, అదే రాగి జావ, తను కాచేది, రాత్రి వంట నాది. వీధి తలుపు మాత్రం వేయదు. ఇంట్లో మనుషులుంటే తలుపెందుకు వేస్తారని అడుగుతుంది. నేను రోజూ విసుక్కునేదాన్ని, తను రోజూ నవ్వేది.

మార్చిలో చోడవరం నుంచి మా అమ్మ పుల్లమామిడికాయలు పంపింది. పప్పు చేశాను. కనక వద్దంది. మర్నాడు పచ్చడి చేస్తే అదీ ముట్టలేదు. మూడోనాడు మామిడికాయ పులిహోర కలిపాను. తను విడిగా అన్నం వండుకుని, ఉప్పూ పచ్చిమిరపకాయతో తిని లేచింది. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది.

"నా సేతి వంట అంత సేదయిపోయిందేటి? అయితే నెలాఖరుకి వేరే ఇల్లు సూసుకో" అనేశాను.

కనక తన మూలకెళ్లి బట్టలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను గబగబా వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఏటైందో నోరిప్పి సెప్పొచ్చు కదే" అన్నాను.

"మా ఊళ్లో ఇంకా మావిడి కొత్త పండగ అవలేదక్కా. తొలికాయ దేవతకి పెట్టకుండా ఊళ్లో ఎవులం కాయ ముట్టం. సదువుకున్నప్పుడు హాస్టల్లో సెప్తే అందరూ నవ్వీసినారు. నువ్వూ నవ్వుతావని సెప్పలేదు."

"ఇక్కడ తింటే నిన్నెవులు సూత్తారు?"

"నాను సూత్తాను కదక్కా" అంది.

సిగ్గుతో తల వాలిపోయింది. బళ్లో పిల్లలకు నిజాయితీ గురించి గంటలకొద్దీ చెబుతాను, ఇంత చిన్న మాటలో ఎప్పుడూ చెప్పలేకపోయాను. సంచి లాక్కుని ఆమె బట్టలు నేనే అలమరాలో పెట్టాను. మిగిలిన కాయలు కిందివాళ్లకిచ్చేశాను. కొత్త ఎప్పుడని అడిగితే, పూజారి రోజు చూసి చెప్పాలంది. అప్పటిదాకా చింతపండు చారుతో సరిపెట్టుకుందామనుకున్నాం. తను కడుపారా తింటుంటే నాకు ప్రాణం కుదుటపడింది.

ఆ ఆదివారం చోడవరం వెళ్లాను. అమ్మ మామిడికాయ పప్పు గరిటెతో తీసి నా కంచంలో వేయబోయింది. వద్దన్నాను.

"ఏటే, ఒంట్లో బావులేదా?" అంది అమ్మ.

"బానే ఉంది. మా ఇంట్లో ఇంకా కొత్త అవలేదమ్మా" అన్నాను.