చిన్నాయన దించిన గడప

కిందటి నెలలో ఒక బుధవారం పొద్దున్నే మా చిన్నాయన చనిపోయాడు. ఫోన్ వచ్చేసరికి నేను నాయనకు కాఫీ ఇస్తున్నాను. తమ్ముడు లేడన్న మాట విని ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత, "కుర్చీ ఇట్ల తిప్పు. నేనే పోతా" అన్నాడు.

ఆ మాట వినాలని చిన్నాయన ఎంతగా ఎదురుచూశాడో నాకు తెలుసు. రెండు కాళ్లూ పడిపోయి నాయన చక్రాల కుర్చీలోకి వచ్చినప్పుడు, కర్నూలులోని మా పాత ఇల్లు ఆయనకు జైలయింది. బాత్రూమేమో పెరట్లో. తలుపులు ఇరుకు. ప్రతి గుమ్మానికీ జానెడెత్తు గడప. మాటిమాటికీ ఎత్తమని మమ్మల్ని అడగలేక నాయన గది దాటడమే మానేశాడు.

ఇంటిని నాయనకు అనువుగా మార్చాలనుకున్నప్పుడు నేను కొత్త టైల్స్, కొత్త తలుపుల బొమ్మలు ఫోన్‌లో చూపించాను. "శానా బాగుండాయప్పా. దుడ్లు యాడుండాయి?" అన్నాడు చిన్నాయన. "కొనేది ఆఖరికి. ముందు ఇంట్లో ఏముండాదో చూడు." పాత నాపరాళ్లను పగలకుండా లేపించి, అరగని వైపు పైకి తిప్పి ఇంట్లోనే కట్టించిన కొత్త బాత్రూంలో పరిపించాడు, చక్రం జారదని. పాత ఇళ్లు పడగొడుతున్న చోటల్లా తిరిగి వెడల్పాటి టేకు తలుపులు పట్టుకొచ్చాడు. వాటి కొలతకే గోడలు కొట్టించాడు.

సాయంత్రాలు నాయన పక్కన కూర్చుని, పాత తలుపుల నుంచి పీకిన మేకుల వంకరలు సుత్తితో తీసేవాడు. ఆ టకటకకు నాకు ఒళ్లు మండేది. కొత్తవి తెస్తానంటే, "మాట్లాడేటప్పుడు చేతికి పనుండల్లప్పా" అని నవ్వేవాడు. మేకులు అయిపోయాక కూడా ఆయన రావడం మానలేదు.

లోపలి గడపలు తీసేశాం గానీ, అసలు చిక్కు వీధి గడప దగ్గర వచ్చింది. దాన్నీ తీసేద్దామన్నాను. అమ్మ కొంగు దోపుకుని అడ్డం నిలబడింది.

"గడప ల్యాకుంటే అది ఇల్లా, సత్రమా? శుక్రవారం పసుపు యాడ పూయల్ల?"

నేను గొంతు పెంచాను, అమ్మ నాకంటే పెంచింది. చిన్నాయన మర్నాడు మేస్త్రీతో ఆ గడపను పెకలించి, అక్కడే గుంత తీయించి, పైముఖం నేలకు సమంగా ఉండేలా మళ్లీ పెట్టించాడు. మిగిలిన బండలతో వసారా నుంచి వీధిలోకి ఏటవాలు దారి కట్టించాడు.

"గడప యాడికీ పోలేదు వదినా. రా, పూయి."

అమ్మ వంగి చూసింది. "పసుపంతా చక్రాలకు అంటుకుంటాది కదప్పా?"

"అంటనీ. అన్న బయటికి పోయినాడని వీధికంతా తెలుస్తాది."

కానీ నాయన పోలేదు. ఇల్లంతా తిరిగేవాడు గానీ వీధిలో జనం చూస్తారని సిగ్గు. రోజూ గడప దాకా వచ్చి ఆగేవాడు. చిన్నాయన బలవంతం చేయలేదు. "నువ్వు రాకుంటే నేనే వస్తాలేన్నా" అనేవాడు. చివరిదాకా అలాగే వచ్చాడు.

ఆ బుధవారం నాయన ఎవరి సాయం లేకుండా గడప దాటాడు. చిన్నాయన ఇల్లు మా వీధి చివరే. వసారా దాకా కుర్చీ పోయింది, గుమ్మం దగ్గర ఆగింది. మా గడప దించిన మనిషి తన ఇంటి గడపను ముట్టుకోనేలేదు. నలుగురు కుర్చీని ఎత్తబోతే నాయన వద్దన్నాడు.

"రోజూ వాడే వచ్చినాడు గదా. ఈ పొద్దు గూడా వాడే వస్తాడు."

చిన్నాయనను మోసుకొచ్చి అన్న ముందు పడుకోబెట్టారు. నాయన వంగి ఆ చేయి పట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

మైల తీరాక వచ్చిన మొదటి శుక్రవారం అమ్మ గడపకు పసుపు పూసింది. అది ఆరకముందే నాయన కుర్చీ తిప్పుకుని బయల్దేరాడు. అమ్మ పసుపు గిన్నె పట్టుకుని పక్కకు జరిగి దారిచ్చింది. నేను బయటికి వచ్చేసరికి వసారా బండల మీద రెండు పసుపు గీతలు, ఏటవాలు దారి దిగి, వీధి చివరి వైపు మళ్లి ఉన్నాయి.