నూకాలు వాళ్ల గుమ్మాన్ని స్టేజీ ఎక్కించిన మా బాబాయ్

నిన్న పొద్దున్నే ఫోన్.

"నాను, నూకాల్ని. మాస్టారు పోనారే..."

మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను అక్కడే ఉండిపోయాను.

సొంత అన్న కూతుర్ని. ఇదే ఊళ్లో ఉన్నాను. బాబాయ్ పోయిన సంగతి నాకు చిన్ననాటి నేస్తం నూకాలు చెప్పాల్సి వచ్చింది. చివరి రోజుల్లో ఆయనకు అన్నం తెచ్చిపెట్టింది కూడా తనే.

సిగ్గుగా ఉంది.

మా శేషగిరి బాబాయ్ పిల్లల నాటకాలు రాసి ఆడించేవాడు, అందుకే పిల్లలందరికీ మాస్టారు. ఎనభైల్లో నాన్న వెనకే కృష్ణా జిల్లా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చాడు. ఆదివారాలు కూర్మన్నపాలెంలో ఒక షెడ్డులో మాకు రిహార్సల్స్. సముద్రం సిక్ లీవ్ పెడితే చేపలన్నీ ఆఫీసుకొచ్చి గొడవ చేసే నాటకం ఆయనదే. నేను అందులో రొయ్యని!

ఒకసారి ఫ్యాక్టరీ వాళ్లు తమ ఫంక్షన్‌కి ఫ్యాక్టరీ మీద నాటకం అడిగారు. ఊరు ఖాళీ చేసే ముసలమ్మ నవ్వుతూ "పోతే పోయింది, పిల్లలకు ఉద్యోగాలొస్తాయి" అనాలి. ఆ వేషం నూకాలుది. వాళ్లది నిజంగానే ఫ్యాక్టరీ కోసం ఖాళీ అయిన ఊరు.

రిహార్సల్‌లో తన వంతు వచ్చినా నూకాలు ఆ మాట అనలేదు.

"ఏమ్మా, మర్చిపోయావా?" అన్నాడు బాబాయ్.

"కాదండి. మా మామ్మ అలగనలేదు. ఇంటి గుమ్మం పీకించి తెచ్చీసింది. కొత్తింటికి అది సరిపోలేదు. గోడకి జారేసి ఎట్టీసినాం. ఇప్పటికీ దానికి పసుపు రాత్తాది."

బాబాయ్ రిహార్సల్ ఆపేశాడు. ఆ సీన్ మొత్తం మళ్లీ రాశాడు.

షో రోజు స్టేజీ మీద ఇల్లు లేదు. ఆ గుమ్మం ఒక్కటే. పిల్లలం రెండు వైపులా పట్టుకున్నాం.

నూకాలు వాళ్ల మామ్మ జనంలోంచి లేచి స్టేజీ ఎక్కింది. గుమ్మానికి దణ్ణం పెట్టి, తల వంచి, దాటి, అవతల నిలబడింది.

అది నాటకంలో లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తర్వాత మేమందరం గుమ్మాన్ని వాళ్లింటికి మోసుకెళ్లాం. ఆవిడ అందరికీ టీ ఇచ్చింది.

తిరిగొస్తూ బాబాయ్ అన్నాడు: "ఒక్క మాట తిట్టినా బాగుండేదే, అమ్మలూ. మన క్వార్టర్ ఎవరి చేలో ఉందో!"

ఆ తర్వాత ఫంక్షన్లకు ఆయన్ని పిలవలేదు. ఆయనే రిహార్సల్స్ నూకాలు వాళ్ల పునరావాస కాలనీకి మార్చేశాడు. రిటైరయ్యాక అక్కడే అద్దెకున్నాడు.

నేనూ ఆ క్వార్టర్‌లోనే పెరిగాను. ఆ కాలనీకి మళ్లీ వెళ్లింది నిన్ననే.

ఒక చిన్నపిల్ల నా చీర పట్టుకుని అడిగింది: "తాత పోనాడు కదా, ఆదివారం ఆట ఎవులు నేర్పుతారు?"



వెళ్లిరా బాబాయ్. ఇన్నేళ్లూ కుదురుగా ఉండలేకపోయిన నీ మనసుకు ఇకనైనా శాంతి దొరకాలి.