చక్రాలాయన గురువారాలు

మా బావని హ్యాంగరులో అందరూ చక్రాలాయన అంటారు. విమానాలకు రిపేర్లు చేయడం ఆయన పని. ఒకే కంపెనీలో పంతొమ్మిదేళ్ళు చేశాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ కంపెనీ ఇక విమానాలు నడపలేనని చేతులెత్తేసింది. బాకీలు తీర్చందే ఇక పోసేది లేదని ఇంధనంవాళ్ళు అన్నారట. పద్నాలుగు విమానాలు కంచె పక్కన వరసగా నిలబడిపోయాయి. జీతాలు ఆగాయి. సర్కారు ఆదుకోగానే అందరినీ తిరిగి పిలుస్తామని మేనేజరు నోటీసు అంటించాడు. ఈలోగా వేరే చోట చేరినవాళ్ళ పేర్లు జాబితాలోంచి తీసేస్తామని అడుగున చిన్నక్షరాల్లో ఉంది. ఆ చిన్నక్షరాలు నేను చదివాను. బావ పెద్దక్షరాల దగ్గరే ఆగిపోయాడు.

నిలబెట్టిన విమానాన్ని ఊరికే వదిలేయడానికి లేదు. బరువంతా టైరు మీద ఒకేచోట పడితే అక్కడ చదునైపోతుంది. అందుకని వారానికోసారి జాకీతో లేపి, చక్రాన్ని పావు వంతు తిప్పి దించాలి. ఎంత తిరిగిందో తెలియడానికి టైరు మీద సుద్దగీత గీస్తారు. దుమ్మూ పిట్టలూ దూరకుండా ఇంజను నోటికి ఎర్రగుడ్డ తొడుగు వేస్తారు. ప్రతి తొడుగుకీ ఒక నంబరుంటుంది. విమానం ఎగిరేముందు దాని రెండు ఇంజన్ల తొడుగులూ స్టోరుకి చేరాలి, లేకపోతే విమానం అంగుళం కదలకూడదు. గుడ్డ ఇంజనులో ఉండిపోతే ఏమవుతుందో బావ నాకు అన్నం తింటూ వివరంగా చెప్పాడు. ఆయన నోరు విప్పి మాట్లాడేది ఇలాంటి సంగతులే.

మొదట్లో ఈ పనికి ప్రతి గురువారం పదిమంది వెళ్ళేవాళ్ళు. రెండు నెలలకి నలుగురయ్యారు. ఆ తర్వాత బావా, స్టోరు పెద్దాయనా మిగిలారు. గురువారం వస్తే చాలు, పొద్దున్నే బస్సెక్కేవాడు.

"జీతమిచ్చేవాడు లేడు, రమ్మన్నవాడూ లేడు. ఎవరికోసం తిప్పుతున్నారు?" అని అక్క అడిగింది.

"తిప్పానని పుస్తకంలో సంతకం పెట్టాలి కదా."

"తిప్పకుండానే పెట్టండి. ఎవరికి తెలుస్తుంది?"

"టైరుకి తెలుస్తుంది," అన్నాడు బావ.

ఏడో నెలలో అక్క స్నేహితురాలి భర్త తన లిఫ్టుల కంపెనీలో బావకి ఉద్యోగం మాట్లాడిపెట్టాడు. నెలాఖరులోగా చేరాలి. చేరితే హ్యాంగరు జాబితాలో పేరు పోతుంది. చేరకపోతే ఇల్లు గడవదు. అక్క కుట్టుమిషను ఒక్కటే ఏడు నెలలుగా మా ముగ్గురి నోళ్ళకి అన్నం పెడుతోంది.

"లిఫ్టు కూడా పైకెళ్తుంది, కిందికొస్తుంది బావా. నీ విమానం అదీ చేయట్లేదు," అన్నాను.

"పక్కకి వెళ్ళదురా," అన్నాడు.

నెలాఖరుకి నాలుగు రోజులుందనగా టీవీలో చెప్పారు. సర్కారు ఆదుకుందట. వేల కోట్లట. ఒక్క ఉద్యోగినీ గాలికి వదిలేసేది లేదని మంత్రి చెయ్యి ఊపి మరీ చెప్పాడు. బావ లిఫ్టులవాళ్ళకి ఫోన్ చేసి రానన్నాడు. అక్క వద్దనలేదు. టీవీ ఆపేసి కంచాలు పెట్టింది.

తర్వాతి వారం తనిఖీకి ముగ్గురు వచ్చారు. బావ రాసిన పుస్తకాలన్నీ తిరగేశారు. ముప్ఫై ఒక్క గురువారాలు, ఒక్కటీ తప్పలేదు. వాళ్ళలో పెద్దావిడ బావకి చెయ్యి కలిపి, ఇంత బాగా ఉంచిన విమానాలని తానెక్కడా చూడలేదంది. ఆ సాయంత్రం బావ ఆ మాట మాకు రెండుసార్లు చెప్పాడు. ఆయన దేన్నీ రెండుసార్లు చెప్పే మనిషి కాదు.

పదిహేను రోజులకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. విమానాలు చక్కటి స్థితిలో ఉన్నందున పెద్ద మరమ్మతులు అక్కర్లేదు, చిన్నవి బయటి సంస్థకి అప్పగించాం, కాబట్టి ఇక్కడి రిపేరు విభాగాన్ని మూసేస్తున్నాం అని రాశారు. ఇదే కంపెనీకి ఇంకో ఊళ్ళో ఆరు విమానాలున్నాయి. వాటి మొహం ఎవరూ చూడలేదు. టైర్లు పాడయ్యాయి, ఇంజన్లలో పిట్టలు గూళ్ళు పెట్టాయి. అక్కడ ఏడాదికి సరిపడా పని ఉంది. అక్కడి అరవైమందినీ తిరిగి పిలిచారు.

బావ ఉత్తరం మడిచి గూట్లో పెట్టాడు. అక్క లిఫ్టులవాళ్ళకి ఫోన్ చేసింది. ఆ ఉద్యోగంలో ఇంకెవరో చేరిపోయారు.

మూడోరోజు పొద్దున స్టోరు పెద్దాయన ఫోన్ చేశాడు. "ఇరవై మూడో నంబరు తొడుగు నీ దగ్గరే ఉందిగా? పన్నెండో విమానం దానికోసమే ఆగింది."

చిరిగిందని, అక్క చేత కుట్టించడానికి బావ తనిఖీకి ముందు ఇంటికి తెచ్చాడు. తర్వాత అందరం మర్చిపోయాం. అది మిషను పక్కనే సగం కుట్టి ఉంది.

"ఇవ్వకు బావా," అన్నాను. "ఇది మనింట్లో ఉన్నంతసేపు ఆ విమానం కదలదు. కాళ్ళబేరానికి వాళ్ళనే రానీ."

అక్క బావ మొహంలోకి చూస్తూ కూర్చుంది. బావ తొడుగు అంచు వేలితో తడిమి చూశాడు.

"ఇంకా జానెడు మిగిలింది. కుట్టేయి," అన్నాడు అక్కతో.

అక్క కుట్టింది. దారం పంటితో కొరికి చేతికిచ్చింది. బావ దాన్ని నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు. నేనూ వెళ్ళాను. గేటు దగ్గర ఆయన కార్డు పనిచేయలేదు. కాపలా మనిషి వేరేవైపు చూశాడు. పెద్దాయనే బయటికొచ్చి, నంబరు చూసి, పుస్తకంలో సంతకం పెట్టించుకున్నాడు.

"ఇంకో గంటలో ఎగురుతుంది. ఉండి చూసి వెళ్ళు," అన్నాడు.

"టైరు మీద గీత ఉందా?"

"నిన్ననే కడిగేశారు."

బావ తల ఊపాడు. బస్సొస్తే ఎక్కాం. ఆ రోజు గురువారమని ఇంటికొచ్చేదాకా నాకు తట్టలేదు. బావకి తెలిసే ఉంటుంది.