పెద్దమ్మ ఎంచిన జాలీగుడ్డ

దిల్‌సుఖ్‌నగర్‌లో నా చిన్నప్పుడు మా పెద్దమ్మ ముందుగదిలోనే స్క్రీన్ ప్రింటింగ్ చేసేది. చెక్క ఫ్రేముకు జాలీగుడ్డ బిగించి, దాని మీద రబ్బరు పట్టీతో రంగు లాగితే కింద అక్షరాలు పడేవి. శుభలేఖలకు సన్నజాలీ, చేతిసంచులకు దొడ్డుజాలీ. ఏ పనికి ఏది కావాలో వేళ్లతో తడిమి చెప్పేది.

ఒక వానాకాలం పక్కింటి అక్క వాళ్ల నాన్న ఇంట్లోంచి వెళ్లి తిరిగి రాలేదు. కోస్తా నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఆ పెద్దాయనకు అప్పటికే తన పేరు కూడా గుర్తుండేది కాదు. ఎల్బీనగర్ దాకా వెతికి కాళ్లు వాచిన అక్క, ఆయన ఫోటో పట్టుకుని మా గుమ్మంలో కూలబడింది. వానకు కాగితాలు నిలవవని, బట్ట మీద ఆ ముఖం అచ్చువేసి పెట్టమని బతిమాలింది.

పెద్దమ్మ ముందు సన్నజాలీ బిగించింది. బట్టకు వాడే చిక్కటి రంగు అందులోంచి దిగలేదు. కళ్లూ ముక్కూ అక్కడక్కడ లేతగా పడ్డాయి. దొడ్డుజాలీలోంచి రంగు బాగా దిగింది గానీ ముఖమంతా మరకైపోయింది. అక్క మళ్లీ వేయమంది. పెద్దమ్మ ఫ్రేములు కడిగి మళ్లీ వేసింది. భుజాలు పడిపోయేదాకా వేసింది.

చివరికి పట్టీ పక్కన పెట్టి, "దొడ్డుజాలీనే పెడ్త బిడ్డా. గీ బట్ట మీద మొఖం నిలువదు, పెద్దక్షరాలు నిలుస్తయ్. మీ నాయినకు ఇంకేం యాదికున్నదో గది చెప్పు" అంది.

అక్క ఫోటోను కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "ఎవరు కనబడినా భోంచేశారా అని అడుగుతారు పిన్నిగారూ. అదొక్కటే మిగిలింది" అంది.

అదే వేశారు. భోంచేశారా అని అడిగే పెద్దాయన కనిపిస్తే కూర్చోబెట్టండి అని, కింద మా వీధి చిరునామా. విజయవాడ రోడ్డున పోయే లారీలకూ బస్టాపులకూ అక్క వాటిని కట్టి వచ్చింది.

వారం తిరక్కముందే అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఆ బట్ట చూసిన ఒక టీకొట్టావిడ, ఆయన నోట ఆ మాట విని, ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి కబురు పంపింది. అక్క వెళ్లి ఆటోలో తీసుకొచ్చింది. ఆయన కూతుర్ని గుర్తుపట్టలేదు. అక్క ఏడవలేదు, ఆ ఓపిక కూడా లేదు. కాళ్లు కడిగి, అన్నం కలిపి పెట్టి, ఆయన పక్కనే గోడకు ఆనుకుని నిద్రపోయింది.

ఇప్పుడు మా ఆయనకు మతిమరుపు. పిల్లలు ఫోన్లో ఫోటోలు చూపించి ఇదెవరు, అదెవరు అని అడుగుతారు. ఆయన ముఖం చిన్నబోతుంది. ఆ రోజు పెద్దమ్మ పక్కన నిలబడి చూసినదాన్ని, పోయినవి అడగడం నాకు చేతకాదు. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుని, ఆఫీసుకు టైమైందంటూ గేటు దగ్గర నిలబడతారు. టిఫిన్ డబ్బా చేతికిచ్చి, మా మన్సూరాబాద్ కాలనీ మలుపు దాకా నడిపించి, వెనక్కి తీసుకొస్తాను. రోజూ అదే నడక. అలసిపోతాను. ఆ దారంతా ఆయన నా చెయ్యి వదలరు.